విత్తనాల ఒడులు దులిపించిన అవ్వ

మొన్న బియ్యం బస్తాతోపాటు కిరాణా కొట్టతను ఒక చిన్న పొట్లం చేతిలో పెట్టి, ఇది లోపల పడేస్తే ఏడాదైనా పురుగు రాదమ్మా అన్నాడు. ఇందులో ఏముందయ్యా అని నిలదీశాను. తెలియదట. తెలియనిది నా తిండిలో ఎందుకు వేయమంటావని నేను, అందరూ వేసుకుంటుంటే మీకే ఇన్ని ప్రశ్నలేమిటని అతను, కాసేపు బాగానే జరిగింది. నా ఈడు వాళ్లు నవ్వితే నవ్వనీండి గానీ, ఆ ప్రశ్న అడిగే హక్కు నాకు ఊరికే రాలేదు; పన్నెండేళ్లప్పుడు గుమ్మెడు జొన్నలు పాడుచేసి మరీ సంపాదించుకున్నాను.

మాది కోస్గి దగ్గరి పల్లె, మగ్గం ఇల్లు, సెంటు భూమి లేదు. బాపు నేసిన చీరలకు రైతులు కొలిచి ఇచ్చే జొన్నలే మా ఏడాది తిండి. బాపును కన్న మా అవ్వ వాటిని గుమ్మిలో పోసేటప్పుడు వరుస వరుసకూ జల్లించిన బూడిద చల్లి, పైన ఎండిన వేపాకు పరిచి, మూతికి పేడమట్టి మెత్తేది. ఏడో తరగతి చదువుతున్న మేధావిని కదా, నాకు ఆ బూడిద పరమ అనాగరికంగా కనిపించేది. అరవైల మొదట్లో ఒక ఎండాకాలం, వ్యవసాయం సంగతులు చూసే గ్రామసేవక్ మా బడిలో రైతులకు విత్తనాలకు పట్టించే పురుగుమందు పొడి పంచుతుంటే, ముందు వరుసలో నిలబడి నేనూ ఒక పొట్లం అడిగి తెచ్చాను. విత్తనమూ జొన్నే, తినేదీ జొన్నే అని నా తర్కం. అవ్వ అంగడికి పోయిన రోజున గుమ్మి మూత తీసి, పొడి మొత్తం చల్లి, చేతనైనంత కలిపేశాను.

అవ్వ ఇంట్లో అడుగుపెట్టగానే ముక్కు ఎగబీల్చింది. నేను గర్వంగానే చెప్పాను. కొట్టలేదు. గుమ్మి ముందర చతికిలబడింది. అమ్మ ఏడుస్తూ ఏడు నీళ్లల్ల కడిగి తిందామంది, ఇంకో ఏడాది దాకా గింజ ఎక్కడిదని. కడిగితే పోయేదైతే పురుగు సుత కడుక్కుంటది అని అవ్వ. బాపు పోయి గ్రామసేవక్‌ను అడిగితే, అది విత్తుకే గానీ తిండికి పనికిరాదని ఆయన తల పట్టుకున్నాడు.

ఆ మాట పట్టుకునే బాపు, మా చీరలు తీసుకునే ఒక పెద్ద రైతు దగ్గరికి పోయి, జరిగింది దాచకుండా చెప్పాడు. మృగశిర కార్తె దగ్గరపడుతోంది, ఆయనకూ విత్తనం కావాలి. మా జొన్నలు తీసుకుని, బదులుగా మంచి జొన్నలు కాస్త తగ్గించి కొలిచాడు. మా గండం గడిచిందనుకున్నాం.

అవ్వ మాత్రం అనుకోలేదు. విత్తే రోజున నన్ను రెక్క పట్టుకుని ఆ చేనికి నడిపించింది. మా దిక్కు ఆడవాళ్లు విత్తనాలు ఒడిలో పోసుకుని గొర్రు వెంట వేస్తారు. చివర మిగిలిన పిడికెడు ఒడిలోనే ఇంటికి పోవడం వాడుక, అది కూలికి పైన దక్కే ముచ్చట. అవ్వ పొద్దంతా గట్టు మీద కూర్చుని, పని కాగానే లేచి అందరి ఒడులూ దులపమంది.

ఒకామెకు కోపమొచ్చింది. "ఏందే అవ్వా, మగ్గం కాడి నుంచి లేచొచ్చి మా పిడికెడు గింజల మీద పడ్డవ్?"

"పడ్డనే బిడ్డా. గా గింజలల్ల నా మనుమరాలు కలిపిన మందున్నది. గిది మన్నుకే, నీ పిల్లలకు గాదు."

"గంత సదువుకున్న పిల్ల గిట్లెట్ల చేసెనే?"

"సదువుకున్నందుకే చేసింది!"

అందరూ ఒక్కసారి నవ్వేసరికి నేను భూమిలోకి కుంగిపోయాను. ఒడులు దులిపించి, బాయి కాడ చేతులు కడిగించి, అప్పుడు తన కొంగు మూట విప్పి, మా ఇంటి మంచి జొన్నలు తలా సోలెడు పోసింది. ఆ నెల మా జొన్న గటక పలచబడింది. నేను రెండోసారి పెట్టమని అడగలేదు.

ఆ తర్వాత కాలేజీలో ఏ మందు ఏం చేస్తుందో పేర్లతో సహా చదివాను, తెలిసినవాళ్లతో తెలియనివాళ్లతో దాని మీద వాదించాను, చాలాసార్లు గెలిచాను. కానీ తన ఇంటి గుమ్మి బాగుపడ్డాక కూడా, పక్కింటి పొయ్యి మీద ఏం ఉడకబోతుందోనని పొద్దంతా ఎండలో కూర్చున్న మనిషిని మళ్లీ చూడలేదు. నిజం చెప్పొద్దూ, నేనూ ఏ గట్టు మీదా అట్లా కూర్చోలేదు.