వంచిన తలలో దాగిన నవ్వు

నా ఎత్తు మూడున్నర అడుగులు. రెండేళ్ల క్రితం ఖానాపూర్‌లో ఒక పెళ్లికి మొదటిసారి ఒక్కదాన్నే ఫొటోలు తీయడానికి వెళ్లాను. సరిగ్గా జీలకర్ర బెల్లం పెట్టే వేళకు పెళ్లికొడుకు మేనమామ కుర్చీ తెచ్చి నా ముందు వేశాడు.

"గిది ఎక్కు బిడ్డా, గంత కిందికెళ్లి నీకేం కనవడ్తది?"

అందరూ గొల్లున నవ్వారు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. "వద్దు కాకా, నాకు గిట్లనే మంచిగ కనవడ్తది" అని పెళ్లికూతురి దగ్గరికి జరిగాను.

తల వంచుకున్న ఆమె ముఖం పైనుంచి ఎవరికీ కనిపించడం లేదు. నా కెమెరాకు మాత్రం తడికళ్లతో నవ్వుతూ దొరికింది.

తర్వాత కెమెరాలోనే ఆ ఫొటో చూసి పెళ్లికూతురి తల్లి నా చెయ్యి పట్టుకుంది. "మా పిల్ల గట్ల నవ్విందని నాకే తెల్వలే బిడ్డా!"

ఎవరేమన్నా సరే, నాకు కనిపించినట్టే ఫొటోలు తీయాలని ఆ రోజే నిశ్చయించుకున్నాను.