బోర్డు మీద గోనె

ఇంటిపేరు గోనె కావడంతో ఆయన చిన్నప్పటినుంచీ వేళాకోళానికి గురవుతూనే ఉన్నాడు. బడిలో బస్తా అనేవారు. ఇంగ్లీషులో రాస్తే ఇంకో తంటా. జి, ఓ, ఎన్, ఈ. చూసినవాళ్ళు 'గాన్' అని చదువుతారు, అంటే వెళ్ళిపోయాడని. ఒకసారి బ్యాంకు గుమస్తా, "మిస్టర్ గాన్ హాజ్ కమ్" అని పక్కవాడితో అని పడీపడీ నవ్వాడు. ఈయనా నవ్వేశాడు.

చేపలు నిల్వచేసే కోల్డ్ స్టోరేజీలో ఆయన మెకానిక్. గదుల్లో చలి సున్నాకి పద్దెనిమిది డిగ్రీలు కింద. లోపలికి వెళ్ళేవాళ్ళు తలుపు పక్కనున్న బోర్డు మీద పేరు రాయాలి, బయటికొచ్చాక చెరపాలి. ఆయన పేరే ఇంకో ఇద్దరికి ఉండడంతో ఈయన ఇంటిపేరు రాసేవాడు.

ఆ శనివారం ఒంటిపూట పని. రెండో గదిలో ఫ్యానుకి మంచు పేరుకుందంటే, బోర్డు మీద ఇంగ్లీషులో ఇంటిపేరు రాసి లోపలికి వెళ్ళాడు. వారం కిందట చేరిన సూపర్‌వైజరు గదులన్నీ మూసుకుంటూ వచ్చాడు. 'రూమ్ టూ, గాన్' అని చదువుకుని, అందరూ వెళ్ళిపోయారు కాబోలనుకున్నాడు. లైటు ఆర్పి గడియ వేశాడు.

"ఎవరయ్యా! లోపల నేనున్నా!"

ఫ్యాన్ల హోరులో ఆ కేక ఆయనకే సరిగా వినపడలేదు. గోడ తడుముకుంటూ వెళ్ళి, లోపలినుంచి తలుపు తెరిచే గుబ్బ నొక్కాడు. మంచు పట్టి కదల్లేదు. ఫోను బయట బీరువాలో ఉండిపోయింది. సోమవారం దాకా ఎవరూ రారని గుర్తొచ్చింది. మంచు గీకే రేకుతో గుబ్బ చుట్టూ గీకబోతే, అది మొద్దుబారిన వేళ్ళలోంచి జారి ఎక్కడో పడింది. కూర్చుంటే మళ్ళీ లేవలేనని తెలుసు. పెట్టెలకి చెయ్యి ఆనించి, చీకట్లో అటూ ఇటూ నడిచాడు. చివరికి వణుకు ఆగింది. అప్పుడే మరీ భయపడ్డాడు. వణుకు ఆగితే ఇక పని అయిపోతున్నట్టేనని పాత మెకానిక్ ఒకాయన చెప్పేవాడు.

కూతురికి కళ్ళజోడు కొనడానికి కలిసి వెళ్దామని ఆయన భార్య గేటు దగ్గర కాచుకుని ఉంది. ఎన్నిసార్లు ఫోను చేసినా తీయడు. గంట దాటాక కాపలా మనిషిని బతిమాలి లోపలికి వచ్చింది.

"మావారు ఇంకా రాలేదండీ."

"అందరూ వెళ్ళిపోయారమ్మా," అన్నాడు సూపర్‌వైజరు. "రెండో గది బోర్డు మీద గాన్ అని రాసే ఉంది."

ఆవిడ కేక పెట్టింది. "గాన్ కాదు బాబూ, గోనె! మా ఇంటిపేరు! ఆయన లోపలున్నాడు!"

సూపర్‌వైజరు చెప్పులు ఎక్కడ జారిపోయాయో కూడా చూసుకోకుండా పరుగెత్తాడు. తలుపు తీసేసరికి ఆయన మోకాళ్ళ మీద ఉన్నాడు. పెదాలు కదులుతున్నాయి, మాట రావడం లేదు.

నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. ఎడమచేతి రెండు వేళ్ళకి స్పర్శ తిరిగి రాలేదు. సూపర్‌వైజరు వచ్చి మంచం పక్కన తలొంచుకుని నిలబడ్డాడు.

"నాకు ఇంగ్లీషు బాగా వచ్చనుకున్నానండీ."

"వచ్చు కాబట్టేగా అలా చదివావు," అన్నాడాయన. ఇద్దరికీ నవ్వు రాలేదు.

నెల తర్వాత పనిలోకి వెళ్ళాడు. గుబ్బలన్నీ కొత్తవి వేశారు, పూర్తి పేరు రాయాలని రూలు పెట్టారు. అయినా గుమ్మంలో ఎవరైనా నిలబడితే తప్ప ఆయన లోపల అడుగు పెట్టడు. ఇంట్లో స్నానాల గదికి కూడా గడియ పెట్టడం మానేశాడు. ఒంటిమీద నీళ్ళు పోసుకుంటూ మధ్యమధ్యలో ఆగి, "ఉన్నావా?" అని పిలుస్తాడు.

"ఉన్నానండీ," అంటుంది ఆవిడ. పలకడం ఒక్క క్షణం ఆలస్యమైతే చాలు, తడి ఒంటితోనే తలుపు తీసేస్తాడు.