మట్టిగుట్ట దారిలో విరిగే జాయింటు

మొన్న మా అల్లుడి బండిలో పెద్దపల్లికి పోతుంటే, మలుపు తిరిగినప్పుడల్లా ముందు చక్రం దగ్గర టిక్కు టిక్కుమని చప్పుడు వినిపించింది. ఆయన పాట సౌండు పెంచి ఊరుకున్నాడు గానీ, నేను కిటికీ అద్దం దించి చక్రంవైపు చెవి పెట్టాను. ఇరుసు జాయింటు విరిగే ముందు అలాగే పలుకుతుందని, గోదావరిఖని ఓపెన్‌కాస్టు బొగ్గుగని షెడ్డులో మెకానిక్కుగా బతుకంతా గడిపిన నాకు వేరే చెప్పాలా? గని జీపుల్లో నడుములు విరగ్గొట్టుకున్న నా ఈడువాళ్లకూ ఆ చప్పుడు గుర్తుండే ఉంటుంది.

మా అక్క భర్త, అంటే మా బావ, అదే గనిలో సర్వేవాళ్ల జీపు నడిపేవాడు. దాని ముందు ఇరుసు జాయింటు మాటిమాటికీ విరిగేది. కొత్తది వేసినా, ఎంత గ్రీజు కూరినా అంతే. అదీ ఎక్కడో కాదు, తవ్విపోసిన మట్టిగుట్ట ఎక్కే దారిలో, ప్రతిసారీ ఒకే చోట. పట్టపగలు, చెట్టూ పుట్టా లేని ఆ ఎండలో ఫటేలుమని విరిగి బండి నిలిచిపోయేది. మిగతా డ్రైవర్లు దాన్ని ముట్టుకోవడం మానేశారు. నేను నవ్వుకుంటూనే బంపరుకు ఒక నిమ్మకాయ కట్టాను. నిమ్మకాయ ఎండకముందే జాయింటు మళ్లీ విరిగింది.

డ్రైవరే బండిని పాడుచేస్తున్నాడని, ఇంకోసారి విరిగితే భూగర్భ గనిలోకి దింపుతానని ఇంజనీరుగారు తేల్చి చెప్పారు. బావకు అప్పటికే ఆయాసం. కిందికి దిగితే మనిషి దక్కడని అక్క నా దగ్గర ఏడ్చింది. అందుకని ఒక మధ్యాహ్నం నేనే జీపులో బావ పక్కన కూర్చున్నాను.

నాలుగు చక్రాలకూ బలం అందించే గేరులో జీపు మూలుగుతూ గుట్ట ఎక్కింది. ఎదురుగా దారి వెడల్పుగా, సూటిగా, ఖాళీగా ఉంది. ఉన్నట్టుండి బావ స్టీరింగు కొసదాకా తిప్పి, ఏమీ లేని నేలను చుట్టుకుని మళ్లీ దారిలోకి వచ్చాడు. జాయింటు టిక్కు టిక్కుమన్నది. బరువంతా మీద ఉండగా అంత మెలిపెడితే ఇనుమైనా ఎన్నాళ్లు తట్టుకుంటుంది? ఎందుకు తిప్పావని అడిగితే బండి ఆపి ఆ నేలవైపు చూపించాడు.

"మా ఊరు గిక్కడనే ఉండె, బామ్మర్ది. పోచమ్మనైతే కొత్త కాలనీకి తీస్కపోయినం. మా వాకిలినెట్ల తీస్కపోతం? ఇల్లు ఖాళీ చేసిన్నాడు మా అవ్వ గీ వాకిట్లనే పానం ఇడిసింది. గా జాగ మీదికెల్లి బండెట్ల పోనియ్యాలె?"

ఆ ఊరిని తవ్వేసి, బొగ్గు తీసి, గోతిని మట్టితో నింపి, ఆపైన గుట్ట పోశారు. వాళ్లమ్మ వాకిలి మట్టి ఏ డంపరులో ఏ మూలకు పోయిందో ఎవరికి తెలుసు? అయినా బావ వేలు పెట్టి చూపిస్తుంటే నాకు సూటిగా పొమ్మనే ధైర్యం లేకపోయింది. ఆ చోటు రాకముందే బండి ఆపి, ముందు చక్రాలకు బలం అందకుండా గేరు మార్చి, అప్పుడు తిప్పుకొమ్మన్నాను. ఆ తరువాత జాయింటు విరగలేదు. బావ పైన డ్యూటీలోనే ఉండి, పైనే రిటైరయ్యాడు.

ఆ జీపును కోస్తా నుంచి వచ్చిన ఒక కొత్త డ్రైవరుకు ఇచ్చారు. ఊరి సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. కొన్నాళ్లకు జాయింటు విరిగిందని కబురొస్తే పనిముట్లు పట్టుకుని వెళ్లాను. అదే చోటు. సూటి దారిలో బండి ఎందుకు తిప్పావని అడిగాను.

"ఎవరో వాకిట్లో కళ్లాపి చల్లారండీ. తడి మీద తొక్కడం దేనికని తిప్పాను," అన్నాడు, చాలా మామూలుగా.

దుమ్ము అణచడానికి నీళ్లు చల్లే ట్యాంకరు ఆ రోజు గుట్ట మీదికి రానేలేదు. నేల ఎండి దుమ్ము లేస్తోంది. గుట్ట మీద వాకిలి ఎక్కడిదని అడగకుండా జాయింటు మార్చి, అతనికీ గేరు మార్చడం నేర్పి వచ్చేశాను. బావకు చెబితే రుమాలు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు.

ఇప్పుడు ఆ గని మూతపడింది, బావ కూడా పోయాడు. గుట్ట మీద మొక్కలు నాటి, మధ్యలోంచి తారు రోడ్డు వేశారు. బండ్లు సూటిగా, జోరుగా పోతున్నాయి, ఏ జాయింటూ విరగడం లేదు. మెకానిక్కును కాబట్టి నేను సంతోషించాలి. కానీ బావ వాళ్లమ్మ కళ్లాపి చల్లడం మానుకుందో, తడి వాకిలి మీదుగానే బండ్లు పోతున్నాయో తెలియక నాకు దిగులుగా ఉంటుంది.