కరెంటాయన బిళ్ళ

ఊరిగాంలో, మా వీధికి కరెంటాయన అంటే ఆయనొక్కడే. ఊళ్ళో బంగారు గనులు మూతపడ్డాక స్తంభాలెక్కే పనిలో చేరాడు. విద్యుత్ శాఖ ఆ పనిని కాంట్రాక్టరుకిచ్చేది, కాంట్రాక్టరు ఈయన్ని రోజుకూలికి పిలిచేవాడు. చేతితొడుగులకు కూడా శాఖ డబ్బిచ్చేదట. ఈయన మాత్రం వట్టి చేతులతోనే ఎక్కేవాడు.

ఎక్కేముందు మా గేటు దగ్గరికొచ్చి, గనిలో పనిచేసిన నాటి ఇత్తడి బిళ్ళ ఒకటి, తీర్థం ఇచ్చినంత జాగ్రత్తగా నా చేతిలో పెట్టేవాడు. నడుం దగ్గర దోపుకున్నందుకు, ఒంటి వేడికి అది వెచ్చగా ఉండేది.

"పెట్టుకోమ్మా. దిగినాక తీసుకుంటాను."

ఎందుకని ఒకసారి అడిగాను.

"గనిలోకి పోయేముందు పైన బిళ్ళ ఇచ్చి పోతా ఉంటిమమ్మా. సాయంత్రం బిళ్ళ మిగిలిపోతే, మనిషి లోపలే ఉండాడని వెతికేవాళ్ళు. ఈడ నన్నెవరు వెతుకుతారు?"

ఒక వానాకాలం మధ్యాహ్నం, ఆయన స్తంభం మీద ఉండగానే ఎవరో లైనుకు కరెంటిచ్చారు. శవాన్ని తాడు కట్టి దించారు.

"మా మనిషి కాదు, కాంట్రాక్టరు మనిషి," అన్నాడు శాఖ ఇంజనీరు.

"ఈ పొద్దు నేను పనికి పిలవనే లేదు సార్," అన్నాడు కాంట్రాక్టరు.

ఆరోజు ఎక్కేముందు ఆయన నా చేతిలో పెట్టిన బిళ్ళ చూపించాను. ఇంజనీరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది గనిది కదమ్మా," అని నాకే ఇచ్చేశాడు.

ఇంకా నా దగ్గరే ఉంది. దిగినాక తీసుకుంటానన్నాడు.