తాబేలుకు ఒడిబియ్యం

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. నేను సముద్రపు తాబేళ్ల మీద పరిశోధన చేసేవాణ్ణి. మా తీరంలో వాటి గుడ్లకు కాపలా పెట్టించమని అడగడానికి కర్నూలుకు రైల్లో వెళ్తున్నాను. కమలాపురంలో ఒకామె, చంటిబిడ్డనెత్తుకున్న కూతురితో ఎక్కింది. కాన్పు చేసి, కూతుర్ని ఆలూరులో అత్తగారింట దిగబెట్టడానికి పోతున్నారు. ఆ పిల్ల ఒడిలో పుట్టింటివాళ్లు పోసిన పసుపు బియ్యం మూట.

"ఏం పనిమీద పోతాండావప్పా?" అని అడిగింది తల్లి.

చెప్పాను. తాబేలు తాను పుట్టిన ఒడ్డుకే వచ్చి గుడ్లు పెడుతుందని మా నమ్మకమనీ, జనం వాటిని తవ్వుకుని తింటున్నారనీ.

ఆమెకు కోపమొచ్చింది. "కాన్పుకు పుట్టింటికొచ్చిన ఆడబిడ్డ గదప్పా అది! ఒడి నింపి పంపాల్సింది పోయి, దాని బిడ్డల్నే తింటాండారా?"

నాకు నవ్వొచ్చింది. కూతురు మాత్రం నవ్వలేదు. తన ఒడిలోంచి గుప్పెడు బియ్యం తీసి నా తువ్వాలు కొసకు ముడివేసింది.

"మళ్లా వస్తాది గదన్నా. అప్పుడు పెట్టు."

కర్నూలులో నా మాట ఎవరూ చెవిన పెట్టలేదు. ఆ చలికాలం ఒక తాబేలు గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, నీళ్లవైపు మళ్లింది. ముడి విప్పి ఆ బియ్యం దాని వీపుమీద పోశాను. అది అలల్లోకి వెళ్లిపోయాక గుడ్ల దగ్గర నేనే కాపలా కూర్చున్నాను. పుట్టింటివాణ్ణి కదా.