పైఅంతస్తు నుంచి దిగిన బొద్దింకలు

ముందే ఒప్పుకుంటున్నాను, నేను కోతలు కోస్తాను. చీమ కుడితే తేలు కుట్టిందని రాస్తాను. కనుక ఇక్కడి కొలతలన్నీ సగానికి సగం తగ్గించి చదువుకోండి.

తిరుమలగిరిలో మాది రెండో అంతస్తు. మా అపార్ట్‌మెంటులో చర్చికి వెళ్లే నాలుగిళ్ల వాళ్లం శనివారానికొక ఇంట్లో ప్రార్థన పెట్టుకుంటాం. మా వంతుకు రెండు రోజుల ముందు, పురుగుల మందు కొట్టే మనిషి పంపు భుజాన వేసుకుని పైఅంతస్తు అన్న ఇంటికి వెళ్లడం కళ్లారా చూశాను. మందుకు బొద్దింకలు చావవు, ఇల్లు మారతాయి. డ్రైనేజీ పైపు పట్టుకుని పిల్లాజెల్లాతో మా వంటింట్లోకి దిగాయి. ఒక్కొక్కటి ఖర్జూరపండంత. వాటి మీసాల ముందు మా మామగారి మీసాలు దిగదుడుపు.

శనివారం ప్రార్థనలో అందరూ కళ్లు మూసుకున్నారు. నేను ఒక కన్ను కాపలా పెట్టాను. ఒక బొద్దింక సోఫా వెనకనుంచి వచ్చి, పాస్టరు అయ్యగారి భుజమెక్కి, బట్టతల మీద నిలబడి నాలుగు దిక్కులూ చూసింది. "ఆమెన్" అనగానే పైఅంతస్తు వదిన కేక పెట్టింది.

"ఏం చెల్లె, జెర ఇల్లు సాఫ్ చేస్కోరాదు?" అంది మా ఆవిడతో, అందరి ముందూ.

స్టవ్వు కింద కూడా రోజూ తడిగుడ్డ పెట్టే మనిషి మా ఆవిడ. తలెత్తలేకపోయింది.

"నువ్వు పరేషాన్ గాకు. వాళ్ల సామాను వాళ్లకే పంపిస్తా" అన్నాను, అందరూ వెళ్లాక.

"గిదేం పనండీ? ఆడ సుత ప్రార్థనే గదా!" అంది. వద్దని మాత్రం అనలేదు.

తరువాతి శనివారం పైవాళ్ల వంతు. శుక్రవారం మా ఇంట్లో మూలమూలకూ మందు కొట్టించాను. నా సైన్యం పైపులో పైకెక్కుతుంటే గూడ్సు బండి పోతున్నంత చప్పుడైంది.

మర్నాడు అందరికంటే ముందు వెళ్లి కూర్చున్నాను. ఎంత కాచుకున్నా వాళ్ల గోడ మీద ఈగ కూడా లేదు. ఇంతలో అయ్యగారు, "బ్రదర్, మీరు వాక్యం చదవండి" అన్నారు. సగం జిప్పు ఊడిన కవరులోంచి నా బైబిలు లాగాను. రెండు బొద్దింకలు ఎగిరి సమోసాల పళ్లెంలో పడ్డాయి.

"ఏం తమ్మీ, ఎన్ని దినాలైంది దీన్ని తెరువక? దాంట్లనే సంసారం షురూ జేసినయి!" అన్నాడు అన్న. అయ్యగారు కూడా నవ్వారు.

మెట్లు దిగుతూ మా ఆవిడ అంది: "మొన్న ఇల్లు ఊడ్వదన్నరు. ఇగ వీళ్లింట్ల బైబిల్ సుత చదువరంటరు. సల్లబడ్డదా మీ పగ?"

అయ్యగారి బట్టతలకు సాక్షులున్నారు. నేను కల్పించింది ఒక్కటే, పంపు వేసుకుని పైకెక్కిన ఆ మనిషిని. అతన్ని నేను చూడలేదు. పైవాళ్లు మందే కొట్టించలేదు. బొద్దింకలు మొదటినుంచీ మావే. ఈ సంగతి మా ఆవిడకు ఇంకా చెప్పలేదు.