అమ్మకు లేని షుగర్

మా అమ్మకు షుగర్ లేదు, ఎప్పుడూ లేదు. అయినా చిక్కడపల్లిలో మా గల్లీ అంతా ఉందనే నమ్మింది. ఆ పుకారు పుట్టించింది మా నాన్నే.

తొంభైల మొదట్లో, నేను ఇంటర్ చదివే రోజుల్లో, అమ్మకు నిద్ర కరువైంది. నీళ్ల ట్యాంకులో ఎవరో ఏదో కలిపారని హడలిపోయేది, వాకిలి గడియ పదే పదే చూసేది. నారాయణగూడలో ఒక మానసిక వైద్యుడు గోలీలు రాశాడు. భయం పోయింది, నిద్ర వచ్చింది, కానీ మాకు తెలిసిన అమ్మ కూడా పోయింది. అంతకుముందు ఆమె నోరు ఊరుకునేది కాదు. ఇంటికొచ్చిన ప్రతి చుట్టం నడకా మాటా చేసి చూపించి మమ్మల్ని పొట్ట చెక్కలయ్యేలా నవ్వించేది. గోలీలు మొదలయ్యాక వణికే చేతులతో గోడకు ఆనుకుని కూర్చునేది.

"మంచిగైంది గద, ఇంకేం గావాలె?" అనేవాడు నాన్న.

నాకు మా అమ్మ కావాలి. ఎదురుగా కూర్చున్న మనిషి మీదే బెంగ పెట్టుకున్నానని ఎవరికి చెప్పను?

ఆ గోలీలు ఎందుకని అడిగిన పక్కింటావిడకు నాన్న షుగర్ అని చెప్పేశాడు. ఇంకేముంది, ఏ పేరంటానికి వెళ్లినా లడ్డూల పళ్లెం అమ్మను దాటుకుని పోయేది. తీపంటే పడిచచ్చే మనిషి నోరెత్తేది కాదు. నాకు ఒళ్లు మండిపోయేది.

ఇంట్లో పోరుపెట్టి, అమ్మానాన్నలిద్దరినీ అశోక్‌నగర్‌లో ఇంకో డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లాను. ఈమె మందు మానేయమంటే పాత భయాలు మళ్లీ వస్తాయని నాన్న దారంతా గొణుగుతూనే ఉన్నాడు. లోపల డాక్టరమ్మ అమ్మను ఏం అడిగినా ఆయనే జవాబు. "నిద్ర పోతది. తింటది. లొల్లేం లేదు."

"మీరు జర ఆగుండ్రి. ఆమెను చెప్పనియ్యండి" అంది డాక్టరమ్మ.

అమ్మ మెల్లగా, "నవ్వొస్తది మేడం. మూతి దాకా రాదు" అంది.

నాన్న తల వంచుకున్నాడు. డాక్టరమ్మ మందుల చీటీ చూసింది. అది జబ్బు ముదిరినప్పుడు రాసిన మోతాదట, మళ్లీ చూపించుకుంటే తగ్గించేవారట. మేము మళ్లీ వెళ్తే కదా! ఆ ఆస్పత్రి మెట్లెక్కుతుంటే తెలిసినవాళ్లు చూస్తారని నాన్న భయం. మందుల షాపువాడు ఆ పాత చీటీ మీదే ఏడాదిగా ఇస్తూ పోయాడు.

"మానెయ్యొద్దు, మెల్లగ తగ్గిద్దాం. నిద్ర తప్పినా, భయమేసినా ఎంటనే తీస్కరండి. ఈసారి మొఖం చాటెయ్యకండి" అంది ఆమె.

మోతాదు తగ్గుతున్నన్ని రోజులూ నాన్నకు ప్రాణం అరచేతిలోనే. అమ్మ గడియ వైపు చూస్తే చాలు, లేచి నిలబడేవాడు. నేను మాత్రం ఆమె మూతి వైపే చూసేదాన్ని. చేతుల వణుకు తగ్గింది. మాట మాత్రం ముక్తసరే.

ఆ ఏడు సద్దుల బతుకమ్మ నాడు, ఆట అయ్యాక ఆడవాళ్లంతా మా వాకిట్లో కూర్చుని ప్రసాదాలు పంచుకుంటున్నారు. పక్కింటావిడ రొట్టెలో బెల్లం కలిపి చేసిన మలీద ముద్దలు తెచ్చి, అలవాటుగా అమ్మను దాటి నాకిచ్చింది. అమ్మ చెయ్యి చాపింది.

"వదినా, నాకు షుగర్ లేదు. పిచ్చికి గోలీలు మింగుతున్న. ముద్ద ఇటియ్యి."

గుమ్మంలో నాన్న మొహం పాలిపోయింది. పక్కింటావిడ తత్తరపడి రెండు ముద్దలు పెట్టింది. అమ్మ ఒకటి నోట్లో వేసుకుని, "బెల్లం ఇంత తక్కువేసినవేంది? నీకేమన్న షుగరొచ్చిందా?" అంది.

ముందు నవ్వింది పక్కింటావిడే. తర్వాత అమ్మ నవ్వింది. పాత నవ్వులో సగమే అది, కానీ నోరారా నవ్వింది. నేను ముద్ద చేతిలో పట్టుకునే ఏడ్చేశాను.

ఇప్పుడు అమ్మ లేదు. ప్రతి ఏడూ మలీదలో బెల్లం కావాలనే ఒక పిడికెడు తగ్గించి వేస్తాను. అందరూ బాగుందనే అంటారు, నీకేమన్న షుగరొచ్చిందా అని ఒక్కరూ అడగరు.